క్రియాటినిన్ పెరిగితే గుండె పరీక్షలు దేనికి?

మూత్రపిండాల జబ్బు గురించి పాఠకులు రాసే ఉత్తరాలలో ఎక్కువ భాగం "డయాలసిస్ ఎప్పుడు పడుతుంది?" అన్న ఒక్క భయం చుట్టూ తిరుగుతుంటాయి. ఆ భయం సహజమే. అయితే చాలామంది విషయంలో అంతకంటే ముందుగా ఆలోచించవలసింది గుండె గురించి, రక్తనాళాల గురించి. ఆ వైపు నుంచి వచ్చిన కొన్ని ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నాకు 58 ఏళ్ళు. పద్నాలుగేళ్ళుగా షుగరు, దానికి తోడు బీపీ ఉన్నాయి. ఈమధ్య పరీక్షలో క్రియాటినిన్ (మూత్రపిండాలు రక్తంలోంచి వడకట్టి పంపే వ్యర్థం) 1.9 వచ్చింది. ఈజీఎఫ్ఆర్ (మూత్రపిండాల వడపోత సామర్థ్యపు అంచనా) 40 అని రాశారు. నెఫ్రాలజిస్టు (మూత్రపిండాల వైద్యుడు) ఎకో అనే గుండె స్కానింగ్ తీయించి, గుండె కండరం మందమైందని చెప్పి కార్డియాలజిస్టును కూడా కలవమన్నారు. నాకు ఏనాడూ గుండెనొప్పి రాలేదు. జబ్బు మూత్రపిండాలదైతే గుండె వైద్యుడి దగ్గరకు పంపడం దేనికి? ఇది అనవసరపు ఖర్చు కాదా?
— ఒక ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: అనవసరపు ఖర్చు కాదు. మీ నెఫ్రాలజిస్టు చేసినది సరైన పని. మీరున్న దశలో మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయి డయాలసిస్ దాకా వెళ్ళేవారి కంటే, అంతకు ముందే గుండెపోటు, గుండె వైఫల్యం, పక్షవాతం వంటి వాటితో ప్రాణం మీదికి తెచ్చుకునేవారే ఎక్కువ. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో 11 లక్షలకు పైగా వయోజనుల వైద్య రికార్డులను పరిశీలించినప్పుడు, ఈజీఎఫ్ఆర్ 60కి పైన ఉన్నవారితో పోలిస్తే 45 నుంచి 59 మధ్య ఉన్నవారికి గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు సుమారు 40 శాతం ఎక్కువగానూ, 30 నుంచి 44 మధ్య ఉన్నవారికి రెట్టింపుగానూ, 15 కంటే తక్కువ ఉన్నవారికి మూడు రెట్లకు పైగానూ కనిపించింది. వయసు, షుగరు, బీపీ వంటి వాటి ప్రభావాన్ని లెక్కలోకి తీసుకున్న తరువాత మిగిలిన తేడా ఇది. అంటే మూత్రపిండాల నష్టం, ఆ జబ్బులతో నిమిత్తం లేకుండా, తనంతట తానుగా గుండెకు ముప్పు తెస్తుందన్నమాట.

ఈ సంబంధం వైద్యులకు కొత్తగా తెలిసినదేమీ కాదు. లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో పనిచేసిన రిచర్డ్ బ్రైట్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతూ మరణించిన రోగుల దేహాలను పరిశీలించి, వారిలో చాలామందికి కవాటాల జబ్బు లేకపోయినా గుండె పెద్దదై ఉండటాన్ని 1836లోనే నమోదు చేశాడు. అప్పటికి బీపీ కొలిచే పరికరం కూడా లేదు. ఆయన చూసిన ఆ పెద్ద గుండెకూ, మీ ఎకోలో కనిపించిన మందమైన కండరానికీ మూలం చాలావరకు ఒకటే.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. మూత్రపిండాల సామర్థ్యం తగ్గినప్పుడు అవి ఉప్పును, నీటిని పూర్తిగా బయటకు పంపలేవు. రక్తనాళాలలో ద్రవం పెరుగుతుంది, దానితో బీపీ పెరుగుతుంది. దీనికి తోడు దెబ్బతిన్న మూత్రపిండం తనకు రక్తం చాలడం లేదన్నట్టుగా రెనిన్ అనే పదార్థాన్ని అవసరానికి మించి విడుదల చేస్తుంది. అది మొదలుపెట్టిన రసాయనిక గొలుసు చివర రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఉప్పు మరింతగా నిలిచిపోతుంది, గుండె కండరంలో నారలాంటి కణజాలం పెరుగుతుంది. రోజంతా, రాత్రంతా ఎక్కువ ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని నెట్టవలసి వచ్చిన ఎడమ జఠరిక (ఒంటికంతటికీ రక్తం పంపే గుండె గది) గోడ క్రమంగా మందమవుతుంది. మందమైన గోడ బలమైన గోడ కాదు. అది సరిగా సడలదు, దానికి అందవలసిన రక్తం చాలదు, అందులో విద్యుత్ ప్రవాహం దారి తప్పి గుండె లయ చెడే అవకాశం పెరుగుతుంది. డయాలసిస్ మొదలయ్యే నాటికి సుమారు నాలుగింట మూడు వంతుల మందిలో ఈ మార్పు కనిపిస్తుంది.

రక్తనాళాల సంగతి మరో రకంగా ఉంటుంది. షుగరు, కొలెస్ట్రాల్ ఉన్నవారిలో నాళాల లోపలి పొరలో కొవ్వు పేరుకుని దారి ఇరుకవుతుందని మనలో చాలామందికి తెలుసు. మూత్రపిండాల జబ్బులో అదీ జరుగుతుంది, దానితో పాటు నాళం మధ్యపొరలో కాల్షియం పేరుకుని గోడ గట్టిపడటం కూడా జరుగుతుంది. మూత్రపిండాలు బయటకు పంపలేని ఫాస్ఫరస్ రక్తంలో మిగిలిపోవడం ఇందుకు ఒక ప్రధాన కారణం. ఫాస్ఫరస్ ఎక్కువైనప్పుడు నాళపు కండర కణాలు తమ స్వభావం మార్చుకుని ఎముక కణాల మాదిరిగా ప్రవర్తించి, తమ చుట్టూ కాల్షియాన్ని పేర్చుకుంటాయని పరిశోధనలలో తేలింది. ఆ ఫాస్ఫరస్‌ను వదిలించుకునేందుకు ఎముకలు ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోనును, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు తమ హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తాయి. వీటిలో మొదటిది గుండె కండరాన్ని నేరుగా మందం చేయగలదని ప్రయోగశాలలో కనిపించింది.

మామూలుగా గుండె కొట్టుకున్న ప్రతిసారీ బృహద్ధమని, అంటే గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని, కాస్త సాగి, ఆ తాకిడిని తనలో కలుపుకుని, తరువాత మెల్లగా ముడుచుకుంటూ రక్తాన్ని ముందుకు పంపుతుంది. ఎండకు ఎండి బిరుసెక్కిన రబ్బరు గొట్టంలా అది గట్టిపడితే పై బీపీ పెరుగుతుంది, కింది బీపీ తగ్గుతుంది. 170/70 వంటి అంకెలు చూసి "కింది అంకె బాగానే ఉంది కదా" అని సంతోషించేవారిని తరచు చూస్తుంటాం. ఆ రెండు అంకెల మధ్య దూరం పెరగడమే నాళాలు గట్టిపడ్డాయనడానికి గుర్తు. పైగా గుండె తన సొంత ధమనుల ద్వారా రక్తం అందుకునేది ప్రధానంగా అది సడలినప్పుడు, అంటే కింది అంకె సూచించే సమయంలో. కనుక ఆ అంకె మరీ పడిపోవడం కూడా గుండెకు మంచిది కాదు.

ఇక మీకు గుండెనొప్పి రాలేదన్న మాట. చాలాకాలంగా షుగరు ఉన్నవారిలో నరాలు దెబ్బతిని, గుండెకు రక్తం చాలకపోయినా నొప్పి తెలియకపోవచ్చు. మెట్లు ఎక్కేటప్పుడు మునుపు లేని ఆయాసం, కారణం లేని నీరసం, దిండు ఎత్తు పెంచుకుంటే గాని నిద్ర పట్టకపోవడం వంటివి నొప్పికి బదులుగా వస్తాయి. వీటి గురించి కార్డియాలజిస్టు అడగకపోయినా మీరే చెప్పండి.

ఒక విషయం మీ ఉత్తరంలో లేదు: మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి. మన దగ్గర క్రియాటినిన్ పరీక్ష దాదాపు అందరూ చేయించుకుంటున్నారు గాని, అంత ఖర్చు లేని ఈ మూత్ర పరీక్షను మాత్రం వదిలేస్తున్నారు. ఇది గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాల జల్లెడ దెబ్బతింటున్నదనీ, శరీరమంతటా రక్తనాళాల లోపలి పొర కూడా ఆరోగ్యంగా లేదనీ అనుమానించాలి. ఈజీఎఫ్ఆర్ బాగున్నవారిలో సైతం ఇది పెరిగితే గుండె ముప్పు పెరుగుతుంది. మీరు తప్పక చేయించుకోవాలి.

ప్రశ్న: మూత్రంలో ప్రొటీన్ పోతోందని వైద్యుడు నాకు టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర మొదలుపెట్టారు. మూడు వారాల తరువాత చూస్తే క్రియాటినిన్ 1.5 నుంచి 1.8కి పెరిగింది. ఆ మాత్ర కిడ్నీలను పాడుచేస్తుందని మా బావగారు అంటే భయపడి మానేశాను. ఇప్పుడు ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, నర్సరావుపేట

జవాబు: మీ బావగారు మీ మేలు కోరే చెప్పి ఉంటారు గాని, ఈ విషయంలో ఆయన మాట సరైనది కాదు. ఈ మాత్ర మూత్రపిండంలోని వడపోత గుత్తి నుంచి రక్తం బయటకు వెళ్ళే సన్నని నాళాన్ని సడలించి, లోపల ఒత్తిడిని తగ్గిస్తుంది. ఒత్తిడి తగ్గినప్పుడు వడపోత కూడా మొదట కొంత తగ్గుతుంది, ఆ మేరకు క్రియాటినిన్ పెరుగుతుంది. మీలో పెరిగినది 20 శాతం. 30 శాతం వరకు పెరుగుదలను వైద్యులు ముందే ఊహిస్తారు, దానికోసం మందు ఆపరు. ఆ తరువాత మూత్రపిండం క్షీణించే వేగం తగ్గుతుంది, గుండె మీద భారమూ తగ్గుతుంది. 30 శాతం దాటితే మాత్రం మూత్రపిండాలకు వెళ్ళే ధమనులు ఇరుకైనాయేమో చూడవలసి ఉంటుంది.

కాబట్టి మీ వైద్యుడిని వెంటనే కలిసి, మానేసిన సంగతి దాచకుండా చెప్పి, ఆయన సలహాతో తిరిగి మొదలుపెట్టండి. మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాలలో క్రియాటినిన్‌తో పాటు పొటాషియం కూడా చూపించుకోవాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు తగ్గిపోయిన రోజుల్లో ఈ మాత్రను తాత్కాలికంగా ఆపాలా అన్నది ముందే అడిగి ఉంచుకోండి. అలాంటప్పుడు సాధారణంగా ఆపమనే చెబుతారు, తేరుకున్నాక మళ్ళీ వేసుకోవడం మరిచిపోకూడదు.

ఇదే సందర్భంలో డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ గురించి కూడా అడగండి. షుగరు మందులుగా వచ్చిన ఇవి మూత్రపిండాలకూ గుండెకూ కలిపి మేలు చేస్తాయని తేలింది. డపాగ్లిఫ్లోజిన్ మీద 2020లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, షుగరు లేని మూత్రపిండ రోగులు కూడా పాల్గొనగా, గుండె సంబంధ మరణం లేదా గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం మందు వాడినవారిలో సుమారు 29 శాతం తగ్గింది. ఇవి కూడా మొదట్లో క్రియాటినిన్‌ను కాస్త పెంచుతాయి కనుక ఈసారి కంగారు పడకండి.

ప్రశ్న: మాది ఉద్దానం ప్రాంతం. మా నాన్నగారు జీడితోటల్లో కూలి పని చేసేవారు. ఆయనకు షుగరు లేదు, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా లేదన్నారు, బీపీ కూడా ఏడాది కిందటి వరకు మామూలుగానే ఉండేది. క్రియాటినిన్ మాత్రం 3.2కి చేరింది. హిమోగ్లోబిన్ 8.4. నడిస్తే ఆయాసపడుతున్నారు. ఇటువంటి కిడ్నీ జబ్బులో కూడా గుండెకు ప్రమాదం ఉంటుందా?
— ఒక పాఠకురాలు, సోంపేట

జవాబు: ఉంటుంది, అయితే దారి వేరు. ఉద్దానంలో ఎక్కువగా కనిపించే జబ్బు మూత్రపిండపు వడపోత గుత్తిలో కాక, దానికి ఆనుకుని ఉండే నాళికలలో, వాటి చుట్టూ ఉండే కణజాలంలో మొదలవుతుంది. అందుకే మూత్రంలో ప్రొటీన్ అంతగా పోదు, బీపీ చాలాకాలం పెరగదు, మనిషి పని చేసుకుంటూనే ఉంటాడు. ఆ కారణంగానే జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది. మీ ప్రాంతంలో మూత్ర పరీక్ష ఒక్కటే చాలదు. ఇంట్లో మిగిలిన పెద్దలందరూ ఏడాదికొకసారైనా క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలని ఈ సందర్భంగా గట్టిగా చెబుతున్నాను.

మీ నాన్నగారి ఆయాసానికి రక్తహీనత ఒక కారణం అయి ఉండవచ్చు. ఎర్ర రక్తకణాలు తయారు కావడానికి కావలసిన ఎరిత్రోపోయిటిన్ హార్మోను మూత్రపిండాలలోనే పుడుతుంది. అది తగ్గితే రక్తం పలచబడుతుంది. పలచబడిన రక్తంతో ఒంటికి చాలినంత ఆక్సిజన్ అందించాలంటే గుండె ఎక్కువసార్లు, ఎక్కువ పరిమాణంలో కొట్టుకోవలసిందే. నెలల తరబడి ఇలా సాగితే ఎడమ జఠరిక పెద్దదవుతుంది. అయితే ఆయాసమంతా రక్తహీనత వల్లనే అని తీర్మానించుకోకుండా, ఎకో, ఈసీజీ తీయించి గుండె వైఫల్యం లేదని రూఢి చేసుకోవాలి.

చికిత్సలో మొదట శరీరంలో ఐరన్ నిల్వలు చూసి, తక్కువైతే వాటిని నింపుతారు. ఆ తరువాత అవసరమైతే ఎరిత్రోపోయిటిన్ సూదిమందు ఇస్తారు. హిమోగ్లోబిన్‌ను 10 నుంచి 11.5 మధ్యకు తేవడమే లక్ష్యం. దాన్ని 13కి చేర్చాలన్న ఆత్రుత ప్రమాదకరం. 2009లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో, షుగరు ఉన్న మూత్రపిండ రోగులకు సూదిమందుతో అంతకు పెంచే ప్రయత్నం చేసినప్పుడు పక్షవాతం దాదాపు రెట్టింపైంది. రక్తం ఎక్కించుకోవడం కూడా తప్పనిసరి అయితే తప్ప వద్దు; ముందుముందు మూత్రపిండ మార్పిడి చేయవలసి వస్తే అది అడ్డంకి కావచ్చు.

మరొక మాట. కూలి పని చేసినవారికి ఒళ్ళునొప్పులు సహజం. ఊళ్ళో మందుల షాపులో అడిగి తీసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండానికి రక్తం తగ్గిస్తాయి, ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలిపి గుండె వైఫల్యాన్ని రెచ్చగొడతాయి. మీ నాన్నగారు వీటిని పూర్తిగా మానాలి. నొప్పి భరించలేనప్పుడు ఏ మందు, ఎంత వేసుకోవచ్చో నెఫ్రాలజిస్టునే అడగండి.

ప్రశ్న: బీపీకి మంచిదని మా కోడలు తక్కువ సోడియం ఉప్పు తెచ్చింది. నాకు కిడ్నీ జబ్బు ఉంది. అది వాడవచ్చా? సైంధవ లవణం అయితే ఫర్వాలేదంటారా?
— ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: తక్కువ సోడియం ఉప్పు మీరు వాడకండి. అందులో సోడియానికి బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఆరోగ్యంగా ఉన్నవారికి అది మేలు చేయవచ్చు గాని, మూత్రపిండాలు బలహీనమైనవారికి పొటాషియం రక్తంలో నిలిచిపోయి, ఏ హెచ్చరికా లేకుండా గుండె లయ తప్పి ఆగిపోయే ప్రమాదం ఉంది. టెల్మిసార్టాన్ వంటి మాత్రలు వాడుతున్నవారికి ఈ ప్రమాదం మరింత ఎక్కువ. పొటాషియం ఎక్కువగా ఉన్నట్టు పరీక్షలో వచ్చినవారు కొబ్బరినీళ్ళు కూడా మానాలి.

సైంధవ లవణంలో ఉన్నది ప్రధానంగా సోడియం క్లోరైడే, దానికి మినహాయింపేమీ లేదు. ఏ ఉప్పు అన్నది కాదు, ఎంత ఉప్పు అన్నదే లెక్క. రోజుకు అన్నీ కలిపి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాకు మించకూడదు. కూరలో ఉప్పు తగ్గించి, పక్కన ఆవకాయ, అప్పడం, చల్ల మిరపకాయలు వేసుకుంటే ఆ తగ్గించినదంతా తిరిగి వచ్చేస్తుంది. మన భోజనంలో ఉప్పు దాక్కునేది ఎక్కువగా అక్కడే. చింతపండు పులుసులకు మాత్రం పులుపు వల్ల ఉప్పు తక్కువైనా రుచి అంతగా తగ్గదు, ప్రయత్నించి చూడండి.

ప్రశ్న: నేను అమెరికాలోని డల్లాస్‌లో ఉంటాను. వరంగల్‌లో ఉన్న మా నాన్నగారికి 70 ఏళ్ళు, క్రియాటినిన్ 2.8. వేగంగా నడిస్తే ఛాతీలో పట్టేసినట్టుంటుంది, ఆగితే తగ్గిపోతుంది. కొంతకాలంగా అంతే ఉంది, పెరగలేదు. ఒక వైద్యుడు యాంజియోగ్రామ్ చేయించమంటున్నారు, మరొకరు కిడ్నీలు దెబ్బతింటాయి, ఆగమంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు

జవాబు: ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. మీ నాన్నగారి వయసు, క్రియాటినిన్ బట్టి ఈజీఎఫ్ఆర్ 30కి లోపే ఉంటుంది. సరిగ్గా ఇటువంటివారిలో, నిలకడగా ఉన్న గుండె జబ్బుకు వెంటనే యాంజియోగ్రామ్, స్టెంట్ లేదా బైపాస్ అన్న పద్ధతినీ, ముందు మందులతో చూసే పద్ధతినీ పోల్చిన అధ్యయనం 2020లో వెలువడింది. మరణాలలో గాని, గుండెపోట్లలో గాని మొదటి పద్ధతి మెరుగుగా తేలలేదు. పక్షవాతం, మరణం లేదా డయాలసిస్ మొదలవడం వంటివి అందులోనే కాస్త ఎక్కువగా కనిపించాయి. కాబట్టి లక్షణాలు పెరగకుండా ఉన్నంతకాలం కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్‌తో సహా మందులను పూర్తి మోతాదులో వాడి చూడటం తొందరపాటు లేని నిర్ణయం.

ఛాతీ నొప్పి కూర్చున్నప్పుడు కూడా వచ్చినా, ఇరవై నిమిషాలు దాటినా, ఈసీజీలో గుండెపోటు కనిపించినా లెక్క పూర్తిగా మారుతుంది. అప్పుడు కిడ్నీల పేరు చెప్పి యాంజియోగ్రామ్ వాయిదా వేయడం తప్పు. గుండె కండరం దెబ్బతిన్నదేమో చూపే ట్రోపోనిన్ రక్త పరీక్ష గురించి ఒక జాగ్రత్త: మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో అది ఎప్పుడూ కొంచెం ఎక్కువగానే ఉండవచ్చు కనుక, కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేసి, పెరుగుతున్నదా అని చూడాలి.

ప్రశ్న: మావారికి ఏడాదిన్నరగా డయాలసిస్ జరుగుతోంది, వారానికి రెండుసార్లు, సోమ, గురువారాల్లో. ఆదివారం రాత్రి అయ్యేసరికి పడుకోలేక కూర్చునే తెల్లవారుస్తున్నారు. సోమవారం మూడున్నర నుంచి నాలుగు కిలోల నీరు తీస్తే మధ్యలో బీపీ పడిపోయి, కాళ్ళు తిమ్మిర్లు పట్టి, ఛాతీలో బరువుగా ఉందంటున్నారు. ఆయన అసలు బరువు (అదనపు నీరు తీసేశాక ఉండే బరువు) 60 కిలోలు. ఇది డయాలసిస్‌లో మామూలే అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: తరచుగా జరిగేదే గాని, మామూలే అని ఊరుకోదగినది కాదమ్మా. మూత్రపిండాలు రాత్రింబవళ్ళు మెల్లగా చేసే పనిని యంత్రం వారంలో కొన్ని గంటల్లో చేయవలసి వస్తుంది. గురువారం నుంచి సోమవారం దాకా నాలుగు రోజుల పాటు చేరిన నీరు, పొటాషియం గుండెను ఒత్తిడిలో ఉంచుతాయి. వారానికి మూడుసార్లు చేయించుకునేవారిలో సైతం, రెండు రోజుల ఎడం తరువాత వచ్చే రోజున గుండె సంబంధ మరణాలు ఎక్కువగా ఉంటాయని 2011లో అమెరికాలో వెలువడిన పరిశీలనలో తేలింది. మీవారి విషయంలో ఎడం అంతకంటే ఎక్కువ.

నీటిని తీసే వేగానికి కూడా ఒక హద్దు ఉంది. బరువులో ఒక్కో కిలోకు గంటకు 13 మిల్లీలీటర్లు దాటితే గుండెకు ప్రమాదం పెరుగుతుందని వైద్యులు గుర్తించారు. 60 కిలోల మనిషికి నాలుగు గంటల్లో అది సుమారు 3 లీటర్లు. అంతకు మించి లాగినప్పుడు రక్తనాళాలలోకి నీరు చేరే వేగం చాలక బీపీ పడిపోతుంది, గుండె కండరంలో కొన్ని భాగాలకు రక్తం అందక అవి తాత్కాలికంగా మొద్దుబారతాయి. వారం వారం ఇలా జరిగితే ఆ నష్టం శాశ్వతమవుతుంది.

కనుక మీరు డయాలసిస్ కేంద్రంలో అడగవలసినవి ఇవి. వారానికి మూడోసారి వీలవుతుందా? వీలు కాకపోతే సోమవారం సమయాన్ని అయిదు గంటలకు పెంచగలరా? అసలు బరువు ఇప్పటికీ 60 కిలోలేనా, లేక ఒళ్ళు తగ్గినా, పెరిగినా ఆ పాత అంకెనే కొనసాగిస్తున్నారా? ఎకో ఎప్పుడు తీశారు? ఫిస్టులాలో (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలిపిన చోట) రక్తప్రవాహం మరీ ఎక్కువగా ఉండి గుండె మీద అదనపు భారం పడుతున్నదేమో కూడా ఎకోతో పాటు చూపించండి. ఇంట్లో మీరు చేయగలిగినది ఉప్పు తగ్గించడం. నీళ్ళు తాగవద్దని ఎంత చెప్పినా, ఉప్పు తిన్న మనిషి దాహానికి ఆగలేడు. ఉప్పు తగ్గితే దాహం దానంతట అదే తగ్గుతుంది.

కొలెస్ట్రాల్ మాత్ర ఎందుకు రాయలేదని ఉత్తరం చివర అడిగారు. డయాలసిస్ మొదలైన తరువాత కొత్తగా స్టాటిన్ మొదలుపెట్టినందువల్ల గుండెకు చెప్పుకోదగిన మేలు జరగడం లేదని 2005లోనూ, 2009లోనూ వచ్చిన అధ్యయనాలు చూపాయి. ముందు నుంచి వాడుతున్నవారు మానవలసిన పని లేదు.

ఆదివారం రాత్రి ఆయాసం ఎక్కువై కూర్చున్నా తీరకపోతే సోమవారం దాకా ఆగవద్దు, ఆ రాత్రే డయాలసిస్ వసతి ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. వెళ్ళగానే ఆయన డయాలసిస్ రోగి అనీ, చివరిసారి గురువారం జరిగిందనీ చెప్పండి. పొటాషియం పరీక్ష ఫలితం వచ్చేలోగా ఈసీజీ తీయమని అడగండి. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి, సూది వేయనివ్వకండి.